కోసిన చెయ్యి, రాసిన చెయ్యి: హెర్బేరియం చీటీల మీది 'అజ్ఞాత సేకర్త' ఎవరు?

మొక్కల శాస్త్రం ఎండుమొక్క మీద నిలబడి ఉంది. పువ్వో కాయో ఉన్న కొమ్మను కోసి, కాగితాల మధ్య ఒత్తి ఎండబెట్టి, దళసరి కాగితం మీద అంటించి, కింద ఒక మూల చీటీ అతికిస్తారు. ఇలాంటి కాగితాలను బీరువాల్లో వేల లెక్కన, లక్షల లెక్కన దాచే చోటు పేరు హెర్బేరియం. మన కొండల మీద, చేల గట్ల మీద, చెరువు కట్టల మీద రెండు వందల ఏళ్ళకు పైగా కోస్తూ వచ్చిన మొక్కలు కలకత్తాలో ఉన్నాయి, కోయంబత్తూరులో ఉన్నాయి, లండన్ పక్కన క్యూలో ఉన్నాయి, ఎడిన్‌బరోలో ఉన్నాయి. ఒక మొక్కకు మొదటిసారి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఏ నమూనాను ఆధారం చేసుకున్నారో అదే ఆ పేరుకు సాక్ష్యం. దాన్ని 'టైపు' అంటారు. పేరు మీద తగాదా వస్తే చివరికి ఆ కాగితం దగ్గరికే పోవాలి.

కాగితం మీది చీటీలో మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, కోసిన మనిషి పేరు, అతని వరస నంబరు ఉండాలి. పాత చీటీల్లో ఇవన్నీ ఉండవు. మనిషి పేరున్న చోట రెండు పొడి అక్షరాలు ఉంటాయి. కొన్నిచోట్ల అవీ ఉండవు. ఆ అక్షరాల వెనక మనిషిని పట్టుకోవడం ఇవాళ ఒక ప్రత్యేక విద్య అయి కూర్చుంది. హెర్బేరియం కాగితాలను ఫొటోలు తీసి కంప్యూటర్లకు ఎక్కించడం మొదలయ్యాక ఈ విద్యకు గిరాకీ పెరిగింది. ఎవరు ఏ మొక్క కోశారో లంకె వేసే 'బయోనోమియా' లాంటి వేదికలు 2018 నుంచీ పనిచేస్తున్నాయి. భారత బొటానికల్ సర్వే కూడా తన నమూనాలను అలాగే బయట పెడుతోంది.

మొక్కల చీటీలతో దళిత అధ్యయనాలకేం పని అని ఎవరైనా అడగొచ్చు. భూమి పట్టాను ప్రశ్నించాం, గుడి శాసనాన్ని ప్రశ్నించాం, జనాభా లెక్కల పట్టికను ప్రశ్నించాం. చీటీ కూడా అలాంటి కాగితమే. ఈ మొక్కను ఎవరు ఎరుగుదురు, ఎవరు తెచ్చారు, ఎవరి పేరున జమ అయింది అని చెప్పే కాగితం. అజ్ఞాత సేకర్తలను గుర్తించే పని మంచిదే. కానీ ఆ పని ఎవరిని వెతుకుతోంది, ఎవరిని అసలు వెతకడమే లేదు అన్నది అడక్కుండా వదిలేస్తే, పాత అన్యాయం కొత్త కంప్యూటర్లో ఇంకాస్త గట్టిపడుతుంది. ఈ వ్యాసం చెప్పదలచిన సంగతి అదే.

వెతికే పద్ధతి

ముందు పద్ధతిని న్యాయంగా చూద్దాం. మొదటి సాధనం దస్తూరి. తెలిసిన మనిషి ఉత్తరం పక్కన చీటీ పెట్టి అక్షరాల పోకడ పోల్చి చూస్తారు. రెండోది నంబరు, తేదీ, చోటు కలిపి చూడడం. ఒక సేకర్త నంబర్లు వరసగా నడుస్తాయి కాబట్టి, ఫలానా నెలలో ఫలానా కొండ మీద ఉన్నవాడెవడో ప్రయాణ వృత్తాంతాల్లోంచి తేలుతుంది. మూడోది కాగితం, సిరా, అచ్చు తలకట్టు. నాలుగోది చీటీల మీది లాటిన్ ముక్కలు. 'లెగిట్' అంటే కోశాడు. 'కమ్యూనికావిట్' అంటే అందజేశాడు. 'మిసిట్' అంటే పంపాడు. 'ఎక్స్ హెర్బ్' అంటే ఫలానావారి సేకరణలోంచి వచ్చింది. ఈ మాటల తేడా గుర్తుంచుకోవాలి. మళ్ళీ అక్కడికి వస్తాం.

ఈ పద్ధతి ఎంత బాగా పనిచేస్తుందో వాలిచ్ జాబితా చెప్తుంది. నతానియేల్ వాలిచ్ డెన్మార్క్ దేశపు వైద్యుడు, కలకత్తా కంపెనీ తోటకు సూపరింటెండెంటు. 1828లో కంపెనీ హెర్బేరియాన్ని లండన్ పట్టుకుపోయి ఐరోపాలోని సంస్థలకు పంచిపెట్టాడు. దానికి తయారుచేసిన జాబితాలో తొమ్మిది వేలకు పైగా నంబర్లున్నాయి. సిల్హెట్ నమూనాల పక్కన 'ఎఫ్.డి.' అని ఉంటుంది. కుమావూన్ నమూనాల పక్కన 'ఆర్.బి.' అని ఉంటుంది. తెనాసెరిమ్ తీరపు నమూనాల పక్కన 'డబ్ల్యూ.జి.' కనిపిస్తుంది. పరిశోధకులు వీటిని విప్పారు. ఎఫ్.డి. ఫ్రాన్సిస్ డిసిల్వా. ఆర్.బి. రాబర్ట్ బ్లింక్‌వర్త్. డబ్ల్యూ.జి. విలియం గోమెజ్. తోట పద్దుల్లోనో, వాలిచ్ ఉత్తరాల్లోనో ఈ పేర్లున్నాయి కనక అక్షరాలకు మనుషులు దొరికారు.

ఇంకో ఉదాహరణ 'కింగ్స్ కలెక్టర్'. జార్జి కింగ్ 1871 నుంచి 1898 దాకా కలకత్తా తోట సూపరింటెండెంటు. 1880లలో మలయా దేశపు పేరాక్ అడవుల నుంచి వచ్చిన వేల నమూనాల మీద 'డాక్టర్ కింగ్ గారి సేకర్త' అనే అర్థం వచ్చే అచ్చు మాట ఉంటుంది. నౌకరుకు పేరు లేదు, యజమానికి ఉంది. ఆ నౌకరు ఎక్కువ భాగం హెర్మన్ కున్స్ట్‌లర్ అని తరవాత తేల్చారు. అతను ఐరోపావాడు. మలేసియా ప్రాంతపు మొక్కల సేకర్తల మీద 1950లో వచ్చిన పెద్ద కోశంలో అతనికి చోటు దొరికింది.

పద్ధతి విరిగే చోటు

ఈ ఉదాహరణలన్నిటిలో ఒక పోలిక ఉంది. దొరికినవాళ్ళందరూ ముందే ఎక్కడో రాతలో ఉన్నవాళ్ళు. ఉత్తరం రాసినవాళ్ళు, ఉత్తరంలో పేరు పడినవాళ్ళు, తోట కొలువులో నమోదైనవాళ్ళు. అంటే ఈ విద్య ఒక జాబితాలోంచి ఇంకో జాబితాకు మనిషిని జరుపుతుంది. జాబితాలో లేనివాణ్ణి అది కనిపెట్టలేదు.

దస్తూరి పోల్చాలంటే ఆ మనిషి రాసి ఉండాలి. కొమ్మ కోసినవాడికి అక్షరం నిషేధమైన సమాజంలో దస్తూరి పరీక్ష మొదటి మెట్టు మీదే కులపరీక్ష అవుతుంది. లాటిన్లో కోయడానికీ చదవడానికీ ఒకటే క్రియ. మన దేశంలో కోసినవాడు వేరు, చదివినవాడు వేరు. వాళ్ళిద్దరి మధ్య ఊరికీ వాడకీ ఉన్నంత దూరం. అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో పని పంచుకోవడానికీ, పనివాళ్ళను మెట్లమెట్లుగా విడగొట్టడానికీ తేడా చూపించాడు. హెర్బేరియం చీటీ ఆ రెండో దానికి అచ్చమైన నమూనా. చెట్టెక్కేవాడు, మోసేవాడు, ఒత్తి ఎండబెట్టేవాడు, చీటీ రాసే రైటరు, పేరు పెట్టే దొర. చీటీ మీదికి ఎక్కింది చివరి ఇద్దరి చేతులే. అందులోనూ రైటరు చెయ్యి మాత్రమే కనపడుతుంది, పేరు కనపడదు.

పైగా చీటీ పొలంలో రాసిందే అయి ఉండక్కర్లేదు. తోటకు చేరాక గుమస్తా తిరగరాసి పాత ముక్క పారేయడం మామూలు. కాబట్టి దస్తూరి పోల్చి మనం పట్టుకునేది చాలాసార్లు కోసినవాణ్ణి కాదు, గుమస్తానే.

యజమాని సేకర్త కావడం ఇంకా పెద్ద చిక్కు. రాబర్ట్ వైట్ స్కాట్లండ్ వైద్యుడు. 1819లో మద్రాసుకొచ్చి దక్షిణాది మొక్కల మీద ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాడు. జీతమిచ్చి దేశీ సేకర్తలను పెట్టుకుని ఊళ్ళమీదికి పంపేవాడు. ఆయన నమూనాలను 1860లలో క్యూ నుంచి పంచినప్పుడు చీటీ మీద 'హెర్బ్. వైట్ ప్రోప్ర్.' అని అచ్చేశారు. అంటే ఇది వైట్ సొంత హెర్బేరియం అని. చోటు దగ్గర 'పెనిన్సులా ఇండియే ఓరియంటాలిస్' అని ఉంటుంది. అంటే భారత ద్వీపకల్పం. నెల్లూరో, పళని కొండలో, నాగపట్నమో చాలా కాగితాల మీద లేదు. ఈ చీటీ చెప్పింది సొంతదారు ఎవరన్న ఒక్క మాటే. ఇప్పుడు అదే కాగితం కంప్యూటర్లోకి ఎక్కేటప్పుడు 'సేకర్త' అనే గడిలో 'వైట్' అని పడిపోతోంది. పట్టా ఎవరి పేరున ఉందో పొలం వాడే దున్నాడని రాసుకోవడం లాంటిది ఇది. కోశాడు, అందజేశాడు, పంపాడు, సొంతదారు అని పాత చీటీ లాటిన్లోనైనా తేడా చూపింది. కొత్త పట్టిక ఆ తేడాను కూడా మింగేసింది.

చరిత్రకారుల జాబితాలు

ఈ తప్పుకు కంప్యూటర్ ఒక్కటే కారణం కాదు. వెనక ఉన్న పుస్తకాల అలవాటు అది. భారతదేశపు మొక్కల శాస్త్ర చరిత్ర మీద ఐ.హెచ్. బర్కిల్ రాసిన పుస్తకం 1965లో వచ్చింది. రే డెస్మండ్ బ్రిటిష్, ఐరిష్ మొక్కల శాస్త్రజ్ఞుల నిఘంటువు 1977లో వచ్చి, 1994లో పెరిగి మళ్ళీ అచ్చయింది. అదే డెస్మండ్ 1992లో వేసిన పుస్తకం పేరు 'ద యూరోపియన్ డిస్కవరీ ఆఫ్ ద ఇండియన్ ఫ్లోరా'. ఐరోపావాళ్ళు మన మొక్కలను కనుక్కున్నారని ఆ పేరు అర్థం. వీళ్ళ శ్రమను తక్కువ చేయనక్కర్లేదు. ఈ పుస్తకాలు లేకపోతే ఎఫ్.డి., ఆర్.బి. ఇవాళ్టికీ పొడి అక్షరాలుగానే ఉండేవి.

కానీ విమర్శ ఇక్కడే మొదలవ్వాలి. బ్రిటిష్, ఐరిష్ వాళ్ళకని గిరిగీసుకున్న నిఘంటువు తన గిరిలో అది నిజాయితీగానే ఉంది. దాన్ని పట్టుకుని దేశీ చీటీలన్నీ విప్పబోయినప్పుడు తేడా వస్తుంది. అందులో వెతికితే అందులో ఉన్నవాళ్ళే దొరుకుతారు. దొరికినవాళ్ళే ఉన్నారని, దొరకనివాళ్ళు లేరని లెక్క తేలిపోతుంది. మనిషికి లంకె వేయడానికి కొత్త వేదికలు పుట్టిన తేదీ, గిట్టిన తేదీ, చరిత్రపత్రం అడుగుతాయి. తాసీల్దారు ఆఫీసులో జనన ధ్రువపత్రం లేనివాడికి ఎదురయ్యే మాటే అది: నువ్వున్నావని రుజువేదీ?

కాబట్టి 'అజ్ఞాత' అనే ఒక్క మాట కింద రెండు వేరు వేరు సంగతులున్నాయి. ఒకటి మరుపు. పేరు రాశారు, కాలంలో చెరిగిపోయింది, వెతికితే దొరుకుతుంది. రెండోది వెలి. పేరు రాయాలన్న తలంపే రాలేదు. మొదటిదానికి పనికొచ్చే మందు రెండోదానికి పనికిరాదు. ఈ రెండిటినీ కలిపి లెక్కవేయడమే ఈ విద్యలో అసలు లోపం.

పేరు దక్కినవాళ్ళ సంగతి

దేశీ మనుషుల పేర్లు అసలు లేవా అంటే ఉన్నాయి. ఎలా దక్కాయో చూస్తే వెలి ఎలా పనిచేస్తుందో ఇంకా తేటపడుతుంది.

వైట్ దగ్గర బొమ్మలు వేసిన రంగయ్య, గోవిందు తెలుగువాళ్ళు. 1838 నుంచి 1853 దాకా వైట్ వేసిన 'ఐకోనెస్' సంపుటాల్లో రెండు వేలకు పైగా బొమ్మల పలకలున్నాయి. వాటి మూలల్లో వీళ్ళ పేర్లు అచ్చయ్యాయి. ఆ ఆధారంతో ఎడిన్‌బరో తోటకు చెందిన హెన్రీ నోల్టీ 2007లో వాళ్ళ మీద పుస్తకమే తేగలిగాడు. వాళ్ళు 'రాజు' అని పేరు చివర చేర్చుకునే చిత్రకారుల కోవకు చెందినవాళ్ళని పరిశోధకుల అంచనా. గోవిందు పేరున వైట్ 1853లో 'గోవిందూయియా' అని ఒక ఆర్కిడ్ ప్రజాతికే పేరు పెట్టాడు. ఆ మొక్క అంతకుముందే 'ట్రోపీడియా' పేరుతో నమోదైనది కావడంతో శాస్త్ర నియమం ప్రకారం గోవిందు పేరు పక్కకు పోయింది. అయినా పుస్తకంలో ఉంది. బొమ్మ వేసిన చెయ్యికి సంతకం ఉంది కాబట్టి మిగిలింది. ఆ బొమ్మకు మొక్క తెచ్చిన చెయ్యికి సంతకం లేదు.

కేరళ కథ ఇంకా ముఖ్యం. డచ్చి గవర్నరు వాన్ రీడ్ 1678 నుంచి 1693 దాకా పన్నెండు సంపుటాలుగా వేయించిన 'హోర్టస్ మలబారికస్'లో ఇట్టి అచ్చుదన్ అనే ఈళవ వైద్యుడి వాంగ్మూలం ఉంది. తన ఇల్లు, ఊరు, వైద్యవృత్తి చెప్పుకుని, మొక్కల పేర్లూ గుణాలూ తానే చెప్పానని 1675లో ఇచ్చిన ప్రకటన అది. ఆనాటి మలయాళ లిపిలో మొదటి సంపుటంలోనే అచ్చయింది. ముగ్గురు కొంకణి బ్రాహ్మణ పండితుల ప్రకటన కూడా పక్కనే ఉంది. రిచర్డ్ గ్రోవ్ 1995లో ఈ పుస్తకాన్ని చదివి, మొక్కలను పోల్చి జాతులుగా విడదీసిన తీరులో బ్రాహ్మణ గ్రంథాలకన్నా ఈళవుల ఎరుకే ఎక్కువ పనిచేసిందని వాదించాడు. అంటరానితనం అనుభవించిన కులం నుంచి వచ్చిన వైద్యుడు ఆ గ్రంథానికి ఇరుసు. రాతపూర్వకమైన ప్రకటన అడిగి తీసుకున్నారు కనకే మూడు వందల ఏళ్ళ తరవాత కూడా ఈ మాట రుజువుతో అనగలుగుతున్నాం. ఇట్టి అచ్చుదన్ లాంటివాళ్ళు మిగతా చోట్ల లేరని కాదు, అక్కడ వాళ్ళను వాంగ్మూలం అడిగినవాడు లేడు.

ఉత్తరాదికి పోతే ఇంకో రకం. బర్మా నమూనాల మీద షేక్ మొకీమ్, సహరన్‌పూర్ తోట తరఫున జె.ఎఫ్. దుతీ నడిపిన సేకరణల్లో ఇనాయత్, సిక్కిం నమూనాల మీద రోమూ, రిబూ అనే లెప్చాల పేర్లు కనిపిస్తాయి. కొన్ని కాగితాల మీద 'దుతీ గారి సేకర్త' అన్న మాటతోనే సరిపెట్టారు. యజమాని వెంట లేకుండా ఒంటరిగా దూరం పోయి కోసుకొచ్చిన చోట నౌకరు పేరు రాయక తప్పలేదు. దొర గుర్రం మీద వెంట ఉంటే ఆ పేరు దొర పేరులో కలిసిపోయింది.

పేరు దక్కడమే గెలుపు అనుకున్నా పొరపాటే. దక్షిణ అమెరికాలో సూరినామ్ అనే డచ్చి వలసలో క్వాసి అనే ఆఫ్రికా బానిస ఒక చేదు మొక్క గుణం చూపించాడు. లిన్నేయస్ దానికి 1762లో 'క్వాసియా' అని పేరు పెట్టాడు. అదే క్వాసి, అడవుల్లోకి పారిపోయిన బానిసలను పట్టించడానికి డచ్చివాళ్ళకు సాయపడి స్వేచ్ఛ పొందినవాడు. యజమానికి నమ్మకస్తుడైనవాడి పేరు పైకి వస్తుంది. పారిపోయినవాళ్ళ ఎరుక పేరు లేకుండా పోతుంది. కాబట్టి పేర్లు ఏరి దండ గుచ్చితే చరిత్ర పూర్తికాదు. పేరు ఏ షరతు మీద దక్కిందో కూడా రాయాలి.

చీటీ మీద మిగిలిన గొంతు

చెయ్యి కనపడకపోయినా గొంతు కొంత మిగిలింది. విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో కంపెనీ తోట నడిపి, 1793లో కలకత్తా తోటకు పోయాడు. 1795లో మొదలైన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలోనూ, చనిపోయాక అచ్చయిన 'ఫ్లోరా ఇండికా'లోనూ మొక్క మొక్కకీ 'తెలింగు' పేర్లున్నాయి. కొన్ని పేర్లయితే శాస్త్రీయ నామాల్లోకే ఎక్కాయి. మన చండ్ర చెట్టు ఆయన రాతలో 'సుంద్ర' అయింది. సోమిద చెట్టు తరవాత 'సోయ్‌మిడా' అనే ప్రజాతి పేరయింది. సోమిద పట్ట జ్వరానికి సింకోనా బదులు పనికొస్తుందని రాక్స్‌బర్గ్ కంపెనీకి సిఫారసు చేశాడు.

స్కాట్లండ్ నుంచి వచ్చినవాడికి ఇది చండ్ర, ఇది సోమిద అని ఎవరో చెట్టు చూపించి చెప్పారు. ఆ చెప్పిన మనిషి ఆ చెట్టుతో రోజూ పనిబడ్డవాడై ఉండాలి. అలవాటుగా మనం 'స్థానిక పేరు' అని ఒక గడిలో పడేస్తున్నది నిజానికి ఒక సాక్షి మాట. ఊరు పేరు, కులం పేరు, వృత్తి పేరు తెలిపే ఆధారం అందులో దాక్కుని ఉండొచ్చు. ఒకే మొక్కకు వేరు వేరు కులాల వాడుకలో వేరు వేరు పేర్లుంటాయి. చీటీ మీద ఏ పేరు పడిందో చూస్తే ఎవరి నోటి నుంచి వచ్చిందో కొంత అందుతుంది. దస్తూరి పరీక్ష కన్నా ఈ పేరు పరీక్ష మనకు ఎక్కువ పనికొస్తుంది. దీన్ని చేయగలిగేది తెలుగు వాడుక తెలిసిన పరిశోధకులే. క్యూలో కూర్చున్నవాళ్ళు చేయలేరు.

తంగేడు సంగతి చూడండి. లిన్నేయస్ 1753లోనే దీన్ని పుస్తకంలోకి ఎక్కించాడు. బతుకమ్మలో పేరుస్తాం కాబట్టి అందరికీ ముద్దే. కానీ తంగేడు పట్ట తోలు ఊనడానికి ఎప్పుడు కోయాలి, ఎంత దంచాలి, లందలో ఎన్నాళ్ళు నానాలి అన్నది మాదిగవాడల చదువు. తుమ్మ పట్ట, కరక్కాయ లెక్క కూడా అంతే. మొక్కల రసాయన గుణాన్ని తరాల తరబడి పరీక్షించి నిలబెట్టుకున్న ఎరుక ఇది. వలస కాలపు ఆర్థిక మొక్కల నిఘంటువుల్లో ఇదంతా 'దేశీ చర్మకారులు వాడతారు' అనే తరహా ఒక్క వాక్యం అయింది. హెర్బేరియం చీటీ మీద ఆ వాక్యం కూడా లేదు. కంపు కొడుతుందని ఊరి బయటికి నెట్టిన లంద, శాస్త్రం బయటికి కూడా నెట్టబడింది. గోదావరి నుంచి నెల్లూరు దాకా తీరం వెంట ఎర్ర రంగుకు తవ్వే చిరివేరు కూడా రాక్స్‌బర్గ్ పుస్తకం మొదటి పలకల్లోనే ఉంది. వేరు ఇసకలోంచి తవ్వి తీసే పనిలో యానాదులు ఉన్నారు. పలక మీద మొక్క ఉంది, తవ్విన గునపం లేదు.

ఇవాళ్టి లెక్క

ఇదంతా గతం కోసం పడే బాధే అయితే ఇంత చెప్పనక్కర్లేదు. పేరు ఇవాళ డబ్బుతో, హక్కుతో ముడిపడి ఉంది.

'ట్రైకోపస్ జైలానికస్' అనే మొక్క 1788 నుంచీ శాస్త్రానికి తెలుసు. రెండు వందల ఏళ్ళు అది ఉట్టి ఎండుమొక్క. 1987లో కేరళ అగస్త్య కొండల్లో పరిశోధకులకు దారి చూపించిన కాణి ఆదివాసులు ఆ కాయలు తిని అలుపు తీర్చుకోవడం చూశాకే దాని శక్తి బయటివాళ్ళకు తెలిసింది. పాలోడ్‌లోని తోట 'జీవని' మందు తయారుచేసి 1995లో ఒక ఆయుర్వేద కంపెనీకి పది లక్షల రూపాయల రుసుముకూ, రెండు శాతం రాయల్టీకీ హక్కులిచ్చింది. అందులో సగం కాణిల ట్రస్టుకు పోవాలన్నది ఒప్పందం. కుట్టిమాతన్ కాణి, మల్లన్ కాణి అనే పేర్లు రికార్డులో ఉన్నాయి కాబట్టే వాటా అనే మాట పుట్టింది. 'స్థానిక దారి చూపరి' అని రాసి ఊరుకుని ఉంటే అడిగేవాడే ఉండడు.

జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. ఎరుక గలవాళ్ళకు లాభంలో వాటా ఉండాలంది. 2023 సవరణ, గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్ళకు ఆ వాటా బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చింది. గ్రంథంలోకి ఎక్కించింది ఎవరు, ఎవరి నోటి నుంచి విని ఎక్కించారు అన్న ప్రశ్న చట్టం అడగదు. మనోళ్ళ నోటిమాట ముందు పేరు లేకుండా పుస్తకంలోకి పోయింది. పుస్తకంలో ఉంది కాబట్టి ఇప్పుడు మీకు వాటా లేదంటున్నారు. ఈ మెలికను విప్పాలంటే చెప్పినవాళ్ళ చరిత్ర కావాలి.

దొరలు పోయాక చీటీలు బాగుపడ్డాయా? స్వాతంత్ర్యం తరవాతి చీటీల మీద ఫలానా శాస్త్రవేత్త 'అండ్ పార్టీ' అనే మాట కనిపిస్తుంది. ఆ 'పార్టీ'లో జీపు తోలినవాడు, అడవి దారి తెలిసిన కోయ, చెంచు మనిషి, నలభై అడుగుల చెట్టెక్కి పూతకొమ్మ తెంచినవాడు, రాత్రంతా తడికాగితాలు మార్చినవాడు ఉన్నారు. 'దేశీ సేకర్త' అన్న చోట ఇప్పుడు 'పార్టీ' వచ్చింది. దొర స్థానంలోకి ఎక్కువమంది అగ్రకులాలవాళ్ళు వచ్చారు. ఇవాళ విశ్వవిద్యాలయాల్లో మొక్కల శాస్త్రం చదువుతున్న మన పిల్లలు కూడా ఈ చీటీలు రాస్తున్నారు. వాళ్ళ చేతిలో ఆ గడి ఖాళీగా ఉండడానికి వీల్లేదు.

మన పని

మొదటిది, ఖాళీని ఖాళీ అని రాయాలి. వైట్ సొంత హెర్బేరియం నుంచి వచ్చిన కాగితానికి సొంతదారు వైట్ అనీ, కోసినవారి పేరు నమోదు చేయలేదనీ రెండు గడుల్లో విడిగా రాయాలి. 'తెలియదు' అనే మాటకూ 'రాయలేదు' అనే మాటకూ తేడా పాటించాలి.

రెండోది, చీటీ పక్కన పద్దు చదవాలి. జీతాల చిట్టాలు, ఓచర్లు, సెలవు అర్జీలు, అప్పు పత్రాలు కలకత్తా తోటలోనూ, మద్రాసు ప్రభుత్వ పత్రాగారంలోనూ, లండన్ ఇండియా ఆఫీసు కాగితాల్లోనూ వెతకాలి. శాస్త్రం పేరు రాయకపోయినా ఖజానా జీతం లెక్క రాసుకుంటుంది. ఎరిక్ మ్యూగ్లర్ 2011 నాటి పుస్తకంలో ఈ దారి పనిచేస్తుందని చూపించాడు. చైనా యున్నాన్ కొండల్లో జార్జి ఫారెస్ట్ పేరున జమ అయిన వేల నమూనాల వెనక నాషీ జాతివాళ్ళున్నారనీ, వాళ్ళకు పెద్ద జావో చెంగ్‌జాంగ్ అనీ ఉత్తరాలు, పత్రాలు, నాషీల సొంత రాతలు కలిపి చదివి చెప్పాడు.

మూడోది, చీటీల మీది తెలుగు పేర్లన్నీ ఏరి, వాడల్లో, గూడేల్లో పెద్దల ముందు పెట్టి, ఈ మాట ఎవరిది, ఏ పనిలోది అని అడగాలి. తోలు పని, కల్లు పని, చేపల వేట, మంత్రసాని పని చేసిన ముసలివాళ్ళు ఉన్నప్పుడే ఇది జరగాలి. ఆడవాళ్ళను తప్పక అడగాలి. కలుపు తీసే చెయ్యికి తెలిసినన్ని గడ్డిజాతులు మొక్కల శాస్త్రంలో పట్టా తెచ్చుకున్నవాడికీ తెలియవు.

నాలుగోది, మనం జాగ్రత్త పడాల్సింది. ఖాళీ కనపడ్డ ప్రతిచోటా మాల అనో మాదిగ అనో యానాది అనో నింపేయకూడదు. ఆధారం లేకుండా పేరు తగిలించడం వాళ్ళ విద్య, మనకొద్దు. సేకర్తల్లో లెప్చాలున్నారు, ముస్లిములున్నారు, ఈళవులున్నారు, మన కులాలవాళ్ళూ ఉన్నారు. 'నేటివ్' అనే మాట వీళ్ళందరినీ ఒకే మూటగా కట్టి, లోపలి మెట్లు కనపడకుండా చేసింది. ఆ మూట విప్పడం మన పని. విప్పి ఇంకో మూట కట్టడం కాదు.

ఐదోది, ఇవాళే మొదలుపెట్టగలిగింది. రేపు అడవికి పోయే ప్రతి జట్టూ చీటీ మీద చెట్టెక్కినవాళ్ళ పేరు, పేరు చెప్పినవాళ్ళ పేరు, వాళ్ళ అనుమతితో, వాళ్ళు చెప్పిన విధంగా రాయాలి. చీటీ మీద రెండు వేళ్ళ జాగా చాలు. పాత చీటీల్లో రాయకుండా పోయింది మనం తేలేకపోవచ్చు. కొత్త చీటీల్లో రాయకపోతే, రెండు వందల ఏళ్ళ తరవాత మన దస్తూరి పోల్చి చూసేవాళ్ళకు 'అండ్ పార్టీ' అన్న మాట మాత్రం దొరుకుతుంది.